గ్రాఫిక్ డిజైన్ తొలి ప్రాజెక్టుల్లో ఐడియా ఎక్కడ మొదలవ్వాలి? పని ఏ వరసలో సాగాలి?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా: మీరు డిజైన్ మొదటి సంవత్సరంలో ఉన్నారు. పోస్టర్ ప్రాజెక్టు ఇవ్వగానే రెండు మూడు గంటలు పింటరెస్ట్‌లో బొమ్మలు చూస్తారు, సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, ఖాళీ ఆర్ట్‌బోర్డు (తెర మీది పేజీ) ముందు కూర్చుండిపోతారు. కిందామీదా పడి ఏదో చేస్తే అది ఎక్కడో చూసినట్టే ఉంటోంది. టీచర్ ‘ప్రాసెస్ (పని సాగిన దశలు) చూపించు’ అని అడిగితే, ఫైనల్ అయిపోయాక కూర్చుని దానికి తగ్గట్టు స్కెచ్‌లు గీస్తున్నారు. అసలు వరస ఏమిటి, ఎన్ని స్కెచ్‌లు వెయ్యాలి, దేనికి ఎంత సమయం, ఎక్కడో చూసినట్టున్నది కాపీ అవుతుందా అని అడిగారు.

సూటిగా జవాబు: బొమ్మలు చూసే ముందు మాటలు రాయండి. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఇరవై నాలుగు చిన్న స్కెచ్‌లు వెయ్యండి. రంగు జోలికి ఆఖర్న వెళ్ళండి. మొత్తం సమయంలో సగం డిజైన్ సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండానే గడవాలి.

ఇరవై గంటల పని అనుకుంటే నేను ఇలా పంచుతాను: బ్రీఫ్ (ప్రాజెక్టులో ఏం కావాలో చెప్పే కాగితం) చదవడం, మాటలు రాయడం 2 గంటలు, చూడటం, వెతకడం 2, థంబ్‌నెయిల్స్ (ఆ చిన్న స్కెచ్‌లు) వేసి ఎంచడం 3, కాస్త పెద్ద రఫ్‌లు (చిత్తు స్కెచ్‌లు) 3, కంప్యూటర్ మీద 7, ప్రింటు తీసి దిద్దుకోవడం 3. విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఆ చివరి మూడు గంటలు మిగల్చకపోవడం వల్ల.

ఈ వరసకి కారణం చాలా మామూలుది. కాగితం మీద ఒక ఆలోచనని పారేయడానికి రెండు నిమిషాల ఖర్చు. అదే ఆలోచన మీద కంప్యూటర్‌లో నాలుగు గంటలు పెట్టాక, అది బాగోలేదని తెలిసినా పారేయడానికి మనసొప్పదు. ఫాంటు మార్చి, నీడ పెట్టి, గ్రేడియంట్ (క్రమంగా మారే రంగు) వేసి బతికించాలని చూస్తాం. మొదటి ఏడాది పనుల్లో కనిపించే అలంకారంలో చాలా వరకు ఇలా చచ్చిన ఐడియాకి వేసిన మేకప్పే.

బ్రీఫ్‌ని ఒక వాక్యంలోకి దించడం

బ్రీఫ్ ఇచ్చిన రోజునే దాన్ని మూడు ముక్కలు చెయ్యండి: ఎవరు చూస్తారు, ఎక్కడ నిలబడి చూస్తారు, చూశాక ఏం చెయ్యాలి. మూడింటినీ కలిపి ఒకే వాక్యం రాయండి. ‘రక్తదానం గురించి అవగాహన కల్పించాలి’ అన్నది పనికొచ్చే వాక్యం కాదు. ఆ అవగాహన అందరికీ ఉంది, అయినా వెళ్ళరు. ‘ఎప్పుడూ రక్తం ఇవ్వని కాలేజీ విద్యార్థి, కారిడార్‌లో నడుస్తూ మూడు మీటర్ల దూరం నుంచి చూసి, శుక్రవారం ఆగి రక్తం ఇవ్వాలి’ అని రాస్తే చేతికి పని దొరుకుతుంది. నడుస్తూ చూస్తాడు కాబట్టి పేరాలు చదవడు. ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి సూదంటే భయమో, చాలాసేపు పడుతుందన్న అనుమానమో ఉంటుంది. ఈ రెండిట్లో దేని మీద మాట్లాడాలో తేల్చుకోవడమే మీ మొదటి డిజైన్ నిర్ణయం.

ఈ రక్తదానం పోస్టర్‌నే ఉదాహరణగా చివరి దాకా లాక్కెళ్తాను. దాదాపు ప్రతి కోర్సులోనూ ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చే బ్రీఫే కాబట్టి చెప్పడం తేలిక.

మాటల జాబితా

పది నిమిషాలకి అలారం పెట్టుకుని, విషయానికి సంబంధించిన మాటలు ఆపకుండా రాయండి. కనీసం నలభై. మొదట వచ్చేవి: చుక్క, గుండె, ఎరుపు, చెయ్యి, ప్రాణం, దానం. ఇవి మీవి కావు, అందరివీ. ఈ ఆరింటితో చేసిన పోస్టర్ ఎక్కడో చూసినట్టు ఉండక తప్పదు. చెయ్యాల్సిందల్లా ఆగకుండా రాయడమే. ఇరవై దాటాక మాటలు మారతాయి: కుర్చీ, దూది, సంచి, గొట్టం, పిడికిలి, మెత్తటి బంతి, 350 మిల్లీలీటర్లు, గడియారం, మడిచిన చొక్కా చెయ్యి, స్టిక్కర్, పక్క మంచం మీద మనిషి, అటు తిప్పుకున్న మొహం.

తేడా గమనించారా? మొదటి ఆరూ ఎక్కువగా భావాలు, గుర్తులు. తర్వాతివి ఆ గదిలో నిజంగా కనిపించే వస్తువులు, జరిగే పనులు. పోస్టర్‌కి పనికొచ్చేవి దాదాపు ఎప్పుడూ రెండో రకమే. ‘మానవత్వం’ అన్న మాటకి బొమ్మ వెయ్యమంటే చేతులు కలిపిన బొమ్మ తప్ప ఇంకేం వస్తుంది? ‘మడిచిన చొక్కా చెయ్యి’ అంటే వెంటనే కళ్ళకి కడుతుంది.

జాబితా అయ్యాక, విడివిడి చోట్ల ఉన్న రెండు మాటల్ని కలిపి చూడండి. గడియారం-గొట్టం, కుర్చీ-స్టిక్కర్, చొక్కా చెయ్యి-కాగితం. పదిహేను జతలు కలిపితే పన్నెండు చెత్తగా ఉంటాయి. మిగిలిన మూడింటి కోసమే ఈ తంతు.

చూడటం ఎప్పుడు, ఎంత

పింటరెస్ట్, బిహాన్స్ (డిజైనర్లు తమ పనులు పెట్టే సైటు) చూడటం తప్పని నేను అనను. మాటల జాబితాకి ముందు చూడటమే తప్పు. ముందు చూస్తే వాళ్ళ జవాబు మీ తలలో కూర్చుంటుంది, ఆ తర్వాత మీరేం గీసినా దాని చుట్టూనే తిరుగుతారు. పైగా అక్కడ కనిపించేవన్నీ ముగిసిపోయిన పనులు. మీ గజిబిజి స్కెచ్‌ని వాటి పక్కన పెట్టుకుంటే చెయ్యి ఆడదు.

నా పద్ధతి ఇది. నెట్‌లో వెతకడం నలభై నిమిషాలు మాత్రమే; ఆ రెండు గంటల్లో మిగతాది ఎంచడానికి, రాయడానికి. పన్నెండు బొమ్మలకి మించి దాచుకోకూడదు. వాటిలో కనీసం నాలుగు పోస్టర్లు కానివి ఉండాలి: వస్తువుల ఫొటోలు, పాత సైన్సు పుస్తకాల బొమ్మలు, టికెట్లు, బట్టల కుట్లు, మ్యాపులు. ప్రతి బొమ్మ కింద ఒక్క వాక్యం: దీన్లోంచి ఏం తీసుకుంటున్నాను? ‘బాగుంది’ అని రాస్తే తీసెయ్యండి. ‘హెడింగ్ పేజీ అంచు దాటి తెగిపోయింది, అందుకే పెద్దదిగా అనిపిస్తోంది’ అని రాయగలిగితే ఉంచండి. నలభై నిమిషాలయ్యాక ట్యాబులన్నీ మూసెయ్యాలి. స్కెచ్ వేసేటప్పుడు అవి కళ్ళముందు ఉండకూడదు.

కాపీ అవునా కాదా అన్న మీ అనుమానానికి ఒక మోటు కొలబద్ద. ఏ పోస్టర్‌కైనా నాలుగు ఉంటాయి: బొమ్మలోని ఆలోచన, అమరిక, రంగులు, అక్షరాల తీరు. వీటిలో ఒకటి ఒకచోటి నుంచి వస్తే అది నేర్చుకోవడం. రెండు ఒకేచోటి నుంచి వస్తే జాగ్రత్తపడండి. మూడు వస్తే అది కాపీయే, మిగిలిన ఒక్కటీ ఎంత మార్చినా సరే. ఆలోచన ఒక్కటే తీసుకున్నా, అది ఆ పోస్టర్‌కి మాత్రమే చెల్లే విచిత్రమైన ఆలోచన అయితే అది కూడా కాపీయే.

ఏఐతో బొమ్మలు పుట్టించుకోవడం గురించి మీరు అడగలేదు గానీ, ఎలాగూ వస్తుంది కాబట్టి చెప్తున్నా. ఈ దశలో దానితో వచ్చే ఇబ్బందీ పింటరెస్ట్‌దే: మొదటి నిమిషంలోనే ముగిసినట్టు కనిపించే బొమ్మ ఇచ్చి, మీ ఆలోచనని అక్కడే ఆపేస్తుంది. అది చాలాసార్లు ఆ చుక్క, గుండెలే తెచ్చి ఇస్తుంది కూడా. మీ కోర్సులో అనుమతి ఉంటే, ఐడియా తేలాక టెక్స్చర్‌కో, ఫొటో బ్యాక్‌గ్రౌండ్‌కో వాడుకోండి. వాడినట్టు ప్రాసెస్ పేజీలో రాయండి.

థంబ్‌నెయిల్స్: ఇరవై నాలుగు ఎందుకు, ఎలా

ఏ4 కాగితం మీద 4 సెం.మీ. వెడల్పు, 5.6 సెం.మీ. ఎత్తు గళ్ళు గీయండి. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు, మొత్తం పన్నెండు. పక్కన మిగిలే జాగా నోట్సుకి. ఈ కొలత ఊరికే పెట్టింది కాదు. ఏ3, ఏ4 కాగితాల నిష్పత్తి 1:1.414. మీ గడి కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో ఉంటేనే స్కెచ్‌లో కుదిరిన అమరిక పెద్ద కాగితం మీద కుదురుతుంది. చతురస్రంలో గీసి తర్వాత నిలువు పోస్టర్‌లోకి లాగితే, పైనా కిందా ఖాళీ మిగిలి, అక్కడ నింపడానికి పువ్వులూ గీతలూ వచ్చి చేరతాయి.

పెన్సిల్, రబ్బరు వద్దు. మొన లావుగా ఉన్న నల్ల మార్కర్ తీసుకోండి. లావు మొనతో 4 సెం.మీ. గడిలో వివరాలు గీయలేరు, మనకి కావాల్సిందీ అదే. ఈ దశలో తేలాల్సింది పెద్ద ఆకారం ఎక్కడ, అక్షరాలు ఎక్కడ, ఖాళీ ఎక్కడ అన్నంత వరకే. అక్షరాల చోట లావు గీత గీస్తే చాలు. గడికి రెండు నిమిషాలు, తర్వాత పక్క గడికి వెళ్ళిపోవాలి. రెండు విడతలుగా పన్నెండేసి వెయ్యండి, మధ్యలో కాస్త లేచి తిరగండి.

ఒకే ఐడియాని కొంచెం ఎడమకి, కొంచెం కుడికి జరిపి ఇరవై నాలుగు నింపేస్తారు కొందరు. అలా కాకుండా ఉండాలంటే ఆరేసి చొప్పున షరతు పెట్టుకోండి. మొదటి ఆరు బొమ్మ లేకుండా అక్షరాలతోనే. తర్వాతి ఆరు ఒకే ఒక్క వస్తువుతో. ఇంకో ఆరు ఆ వస్తువుని అతి పెద్దది చేసి అంచుల్లో తెగేలా, లేదా అతి చిన్నది చేసి మిగతాదంతా ఖాళీగా. ఆఖరి ఆరు అసలు వస్తువు కనిపించకుండా: దాని నీడ, అది వదిలిన గుర్తు, అది ఉండాల్సిన చోట ఖాళీ. ఈ ఆఖరి ఆరింటి దగ్గర విసుగొస్తుంది. ఆపేయాలనిపించేదీ ఇక్కడే, కొత్తది తగిలే అవకాశం ఎక్కువున్నదీ ఇక్కడే.

మన ఉదాహరణలో ‘చొక్కా చెయ్యి-కాగితం’ జత ఇక్కడ ఆకారం తీసుకుంటుంది. పోస్టర్ కాగితమే చొక్కా గుడ్డ అనుకోండి. దాని కింది అంచు, చొక్కా చెయ్యి మడిచినట్టు, రెండు మడతలు పైకి మడిచి ఉంది. ఆ మడత కింద బయటపడిన చర్మపు రంగు పట్టీ మీద తేదీ, సమయం, చోటు. చుక్క లేదు, గుండె లేదు, సూది లేదు. సూదికి భయపడే మనిషిని సూది చూపించకుండా పిలుస్తున్నాం. పైన ఒకే వాక్యం: ‘చొక్కా చెయ్యి మడవండి. రక్తం ఇచ్చేది పది నిమిషాలే.’ సూది గుచ్చి ఉండే సమయం సుమారు అంతే కాబట్టి అబద్ధమూ కాదు; పేరు రాయించడం, పరీక్ష, విశ్రాంతి కలిపితే ఇంకా ఎక్కువే పడుతుంది, అందుకే ‘రక్తం ఇచ్చేది’ అన్నాం. మీరు రాసే అంకెలు ఇలా సరిచూసుకోండి; ఆరోగ్యం మీద వేసే పోస్టర్‌లో తప్పు అంకె, తప్పు ఫాంటు కన్నా పెద్ద తప్పు.

ఇరవై నాలుగులోంచి మూడు, మూడులోంచి ఒకటి

వేసిన రోజే ఎంచకండి. రాత్రి గడవనివ్వండి. మర్నాడు కాగితాన్ని గోడకి అంటించి, మూడు మీటర్ల దూరం నుంచి కళ్ళు సగం మూసి చూడండి. ఏ గడిలో ఒకే పెద్ద ముద్ద, ఒకే స్పష్టమైన ఖాళీ కనిపిస్తున్నాయో అవి నిలబడతాయి. అన్నీ బూడిదరంగుగా కలిసిపోయినవి పోతాయి. అలా మూడు తీసుకుని 10 × 14 సెం.మీ. సైజులో మళ్ళీ వెయ్యండి. ఈసారి అక్షరాలు నిజంగా రాయాలి, ఎందుకంటే ‘ఇక్కడ హెడింగ్’ అని గీత గీసినప్పుడు రెండు మాటలు పట్టేలా అనిపించిన చోట అసలు వాక్యం ఏడు మాటలు ఉంటుంది.

ఈ రఫ్‌లని మీ విషయం తెలియని ముగ్గురికి ఐదు సెకన్లు చూపించి దాచెయ్యండి. ‘బాగుందా?’ అని అడగొద్దు. మొహమాటానికి బాగుందంటారు. ‘ఏం కనిపించింది?’ అని అడగండి. మన మడత పోస్టర్‌కి రాగల జవాబు ఊహించవచ్చు: ‘ఏదో కవరు’. మడిచిన కాగితం ఉత్తరం కవరులా కనిపించడం సహజం. దీనికి మందు కొత్త బొమ్మ కాదు, రెండు చిన్న గుర్తులు: మడత అంచు వెంట కుట్టు గీతలు, ఒక గుండీ. గుండీ పడగానే కాగితం గుడ్డ అవుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే మడతని పది పన్నెండు డిగ్రీలు వాల్చి చూడండి. తిన్నగా ఉన్న అంచు పేజీ అంచులా, వాలుగా ఉన్న అంచు చేతిలా అనిపిస్తుంది. ఇంత చిన్న మార్పుని కాగితం మీద మూడు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ముగ్గురిలో ఇద్దరు తప్పు చెప్తే దిద్దండి. ముగ్గురూ మూడు వేరే తప్పులు చెప్తే ఆ ఐడియా వదిలెయ్యండి.

ఐడియా ఒక్కసారి మెరుపులా రావాలని ఎదురుచూసేవాళ్ళు, అమెరికన్ గ్రాఫిక్ డిజైనర్ మిల్టన్ గ్లేజర్ ‘ఐ లవ్ న్యూయార్క్’ గుర్తుని 1976లో ట్యాక్సీలో కూర్చుని కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో గీసిన సంగతి చెప్తుంటారు. ఆ కాగితం ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది కూడా. కానీ కథలో వదిలేసే ముక్క ఒకటుంది: అంతకుముందే ఆయన ఇంకో డిజైన్ ఇచ్చారు, అది ఆమోదం కూడా పొందింది. అయినా తల దాని మీదే తిరుగుతూ ఉండటం వల్ల ట్యాక్సీలో రెండోది తట్టింది. రాత్రి గడవనివ్వమని అనడంలో నా ఉద్దేశం ఇదే. అయితే ముందు రోజు కాగితాలు నిండి ఉండాలి.

కంప్యూటర్ మీద: నలుపు తెలుపుల్లో

స్కెచ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, అడుగు లేయర్‌లో మసకగా పెట్టి లాక్ చెయ్యండి. ఏ3 అంటే 297 × 420 మి.మీ. దానికి చక్కగా లెక్క కుదిరే గ్రిడ్ (అమరికకి ఆధారమయ్యే గీతలు) ఒకటి: కుడి ఎడమల 16 మి.మీ. మార్జిన్, ఆరు నిలువు వరసలు, ఒక్కోటి 40 మి.మీ., మధ్య సందు 5 మి.మీ. కూడితే సరిగ్గా 297. హెడింగ్ ఆరు వరసలు తీసుకోవచ్చు, వివరాలు రెండో మూడో. ఏదైనా ఈ గీతల్ని దాటాలనుకుంటే బాగా దాటాలి. రెండు మి.మీ. దాటితే అది పొరపాటులా ఉంటుంది, నలభై దాటితే ఉద్దేశంలా ఉంటుంది.

ఒకే ఫాంటు కుటుంబం, రెండు మందాలు, మూడు సైజులు. ఇంతకంటే మొదటి ప్రాజెక్టుకి అక్కర్లేదు. సైజుల మధ్య తేడా పిరికిగా ఉండకూడదు: 24, 28, 32 పాయింట్లు పక్కపక్కన పెడితే దేన్ని ముందు చదవాలో కంటికి తెలీదు. ఒక్కో మెట్టు కనీసం రెండింతలు ఉంచండి, ఉదాహరణకి 20, 44, 130. దూరం నుంచి చదవడానికి బోర్డులు రాసేవాళ్ళు వాడే మోటు లెక్క, పది అడుగులకి ఒక అంగుళం అక్షరం. మూడు మీటర్ల నుంచి చదవాల్సిన హెడింగ్‌కి అక్షరం 25 మి.మీ. ఎత్తు ఉండాలన్నమాట. ఇక్కడ చాలామంది పొరపడతారు: 72 పాయింట్లంటే 25.4 మి.మీ. నిజమే, కానీ అది అక్షరం కూర్చునే పెట్టె ఎత్తు, అక్షరం ఎత్తు కాదు. ఫాంటుని బట్టి అక్షరం అందులో సగమే ఉండొచ్చు. ప్రింటు తీసి స్కేలుతో కొలవండి.

తెలుగులో పోస్టర్ చేస్తుంటే ఇంకొన్ని జాగ్రత్తలు. ఇంగ్లీషు పుస్తకాలు చెప్పే 120 శాతం లీడింగ్ (అక్షరం సైజుతో పోల్చి వరసల మధ్య దూరం) మనకి చాలదు. పై వరస వత్తులు, కింది వరస గుడులు గుద్దుకుంటాయి. 140 నుంచి 160 శాతం మధ్య మొదలుపెట్టి, ‘స్త్రీ’, ‘క్ష్మి’, ‘త్వ’ లాంటివి ఉన్న వరసల్ని చూసి సర్దండి. పెద్ద హెడింగ్‌లో మాత్రం వరసని బట్టి చేత్తో సర్దుకోవచ్చు: పై వరసలో వత్తు లేకపోతే దగ్గరికి లాగండి. ట్రాకింగ్ పెంచి అక్షరాలు దూరం జరపడం తెలుగుకి నప్పదు, మాట విడిపోతుంది. మనకి పెద్దబడి అక్షరాలు లేవు కాబట్టి, ఇంగ్లీషులో ఆల్ క్యాప్స్‌తో చేసే పనిని మందంతో, సైజుతో చెయ్యాలి. అందుకే రెండు మూడు మందాలున్న ఫాంటు ఎంచుకోండి. నోటో సాన్స్ తెలుగులో అవి దొరుకుతాయి. ఒకే మందం ఉన్న ఫాంటుకి సాఫ్ట్‌వేర్ ‘బోల్డ్’ బటన్ నొక్కితే చుట్టూ సిరా పులిమినట్టు అక్షరాల్లోని సున్నాలు పూడుకుపోతాయి.

టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? తప్పు ఫాంటుది కాకపోవచ్చు. అడోబీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. ఇది తెలియక అక్షరాలకి స్క్రీన్‌షాట్ తీసి అతికించి, ప్రింటులో మసకగా వచ్చిందని బాధపడేవాళ్ళు ఉన్నారు.

ఇదంతా నలుపు తెలుపుల్లోనే. నలుపు తెలుపుల్లో చూపు ఎటు పోవాలో తెలియని పోస్టర్‌ని రంగు కాపాడదు, తప్పుని కప్పుతుంది అంతే. అమరిక కుదిరాక రంగు: ఒకటి ఎక్కువ వైశాల్యానికి, ఒకటి ముఖ్యమైన చోటికి, ఒకటి అక్షరాలకి. మన ఉదాహరణలో ఎరుపు తప్పనిసరి కాదు. చొక్కాకి ముదురు నీలం, పట్టీకి చర్మపు రంగు, గుండీ ఒక్కటే ఎరుపు పెట్టి చూడండి. చుక్క గీయకుండానే చుక్క గుర్తొస్తుంది. అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కొలిచే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. వెబ్ పేజీల కోసం పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1. పోస్టర్‌కీ అది మంచి కనీస హద్దు. చర్మపు రంగు మీద తెల్ల అక్షరాలు చాలాసార్లు ఇక్కడే తప్పుతాయి, ముదురు నీలం పెట్టండి.

ప్రింటు దగ్గర పాడయ్యేవి

త్వరగా చెప్తాను. నాలుగు అంచులా 3 మి.మీ. బ్లీడ్ (కోసే అంచు దాటి పరిచే రంగు) పెట్టకపోతే, కోసేటప్పుడు కత్తి అర మిల్లీమీటరు జరిగినా అంచున తెల్లగీత మిగులుతుంది. నెట్‌లో దొరికిన 1600 పిక్సెళ్ళ ఫొటోని ఏ3 వెడల్పంతా పరిస్తే అంగుళానికి 137 పిక్సెళ్ళే వస్తాయి. 300 కావాలంటే 3508 పిక్సెళ్ళ వెడల్పు ఉండాలి. సెట్టింగ్‌లో 72ని 300గా మార్చి ఎక్కువ పిక్సెళ్ళు చేసినంత మాత్రాన లేని వివరం పుట్టదు. తెరమీద మెరిసే నీలం, ఆకుపచ్చ సీఎంవైకేలో (ప్రింటులో వాడే నాలుగు సిరాల్లో) చప్పబడతాయి, కాబట్టి ఆఖరి రోజు కాకుండా రంగు మొదలుపెట్టిన రోజే ఒక చిన్న ప్రింటు తీసి చూసుకోండి. చిన్న అక్షరాలకి నలుపు ఒక్క సిరాతోనే ఉండాలి. నాలుగు సిరాలు కలిపిన నలుపు అయితే ప్రింటింగ్ ప్లేట్లు కొంచెం జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. ఏ3 ప్రింటు ఖర్చు అనిపిస్తే, ఏ4 మీద 71 శాతానికి తగ్గించి తీసి చూడండి. సగం తప్పులు అక్కడే తేలతాయి.

ప్రాసెస్ పేజీ, విమర్శ

ఫైనల్ అయ్యాక గీసిన స్కెచ్‌లు టీచర్‌కి ఇట్టే తెలిసిపోతాయి. అవన్నీ ఫైనల్ వైపే నడుస్తుంటాయి, ఒక్క తప్పుదారి ఉండదు. నిజమైన స్కెచ్ పేజీలో ఎక్కువ భాగం ఫైనల్‌తో సంబంధం లేనివే ఉంటాయి. కాబట్టి పని చేస్తూనే దాచండి: ప్రతి కాగితం మీద తేదీ, ప్రతి పూట చివర ఒక ఫొటో, ఫైల్‌ని ఓవర్‌రైట్ చెయ్యకుండా అంకె పెంచుతూ కొత్త పేరుతో సేవ్. ప్రతి పెద్ద నిర్ణయానికీ ఒక వాక్యం: ‘కవరులా కనిపిస్తోందన్నారు, అందుకే గుండీ, కుట్టు చేర్చాను’. అటువంటి నాలుగు వాక్యాలుంటే ప్రాసెస్ పేజీకి వేరే వ్యాసం రాయక్కర్లేదు.

క్లాసులో విమర్శకి పెట్టినప్పుడు ముందు మీరు వివరించకండి. గోడ మీద పోస్టర్ పక్కన మీరు నిలబడి ఉండరు కదా. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, తర్వాత దాన్ని సైజు, కాంట్రాస్ట్, ఖాళీ, అమరిక అనే నాలుగు మాటల్లోకి మార్చుకోండి. ‘ఏదో వెలితిగా ఉంది’ అంటే ఎక్కువసార్లు అర్థం సైజుల మధ్య తేడా చాలలేదని. ‘గందరగోళంగా ఉంది’ అంటే అలైన్‌మెంట్ గీతలు ఎక్కువయ్యాయని. ఎడమ అంచులు ఎన్ని వేర్వేరు చోట్ల మొదలవుతున్నాయో లెక్కపెట్టి, రెండుకి తగ్గించండి. ‘ఇక్కడ ఒక బొమ్మ పెట్టు’ లాంటి సలహా వస్తే, బొమ్మ పెట్టేయకుండా ఆ చోట వాళ్ళకి ఏం లోటు కనిపించిందో అడగండి.

సబ్మిషన్ రేపే అయితే?

ఈ ఇరవై గంటలు లేవనుకోండి. ఆరు గంటలే ఉన్నాయి. అప్పుడు కూడా వరస మార్చకుండా దశల్ని కుదించండి: వాక్యం, మాటల జాబితా కలిపి అరగంట, రిఫరెన్సులు పూర్తిగా మానెయ్యండి, పన్నెండు థంబ్‌నెయిల్స్ అరగంట, ఒక్క రఫ్, ఒక్కరికి చూపించడం అరగంట, కంప్యూటర్ మీద మూడు గంటలు, ఒక ఫాంటు, నలుపుతో పాటు ఒకే రంగు, మిగిలిన గంటన్నర ప్రింటుకి. పీడీఎఫ్ తీసే ముందు ఫైల్‌కి ఇంకో కాపీ చేసి ఆ కాపీలో మాత్రమే అక్షరాల్ని అవుట్‌లైన్స్‌గా (టైపు చేసిన అక్షరాలు కాక వట్టి ఆకారాలుగా) మార్చండి. అసలు ఫైల్‌లో మార్చేస్తే, ప్రింటు షాపులో తేదీ తప్పుందని తెలిసినప్పుడు దిద్దడానికి అక్షరాలే మిగలవు.